నాబ్ తిప్పితే వరద కనిపించే గోదావరి పటం: విడిభాగాలు కూర్చడం ఎలా?

ఏటా వానాకాలంలో "ధవళేశ్వరం వద్ద మొదటి ప్రమాద హెచ్చరిక" అనే మాట వింటూనే ఉంటాం. బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75 అడుగులకు రెండోది, 17.75 అడుగులకు మూడోది. లంక గ్రామాల పెద్దలకు ఈ మూడు అంకెలు చాలు, ఏ సామాను ఎప్పుడు మెరకకు చేర్చాలో తెలిసిపోతుంది. బడి పిల్లలకు మాత్రం అవి వార్తల్లో వచ్చిపోయే అంకెలు. వాటిని చేత్తో తిప్పి కంటితో చూసేలా చేయవచ్చు. అలాంటి ఒక పటం భాగాలను ఎలా కూర్చాలో ఇక్కడ చెబుతున్నాను.

పటం ఇలా పనిచేస్తుంది. నిలువు బోర్డు మీద గోదావరి డెల్టా, పాయల వెంట 50 చిన్న దీపాలు. కింద ఒక నాబ్, అడుగుల్లో మట్టం చూపే అంకెల డిస్‌ప్లే. నాబ్ తిప్పుతూ పోతే 11.75 దాటగానే నీలంగా ఉన్న పాయలు పసుపుగా మారతాయి, 13.75 దగ్గర నారింజ రంగు, 17.75 దగ్గర ఎరుపు. పక్కనే గౌతమి, వశిష్ఠ, వైనతేయ పేర్లతో మూడు బటన్లు. ఏది నొక్కితే ఆ పాయ ఒక్కటే సముద్రం దాకా వెలుగుతుంది. నాబ్‌ను 22 అడుగుల వరకూ తిరగనివ్వండి. 1986 ఆగస్టు వరదను కళ్లారా చూసిన పెద్దలు ఇంకా మన ఊళ్లలో ఉన్నారు, మూడో హెచ్చరిక పైన ఏముంటుందో పిల్లలకు వారే చెబుతారు.

ప్రోగ్రామ్ గురించి ఇక్కడ రాయడం లేదు. దాన్ని ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ప్రదర్శన మధ్యలో ఇలాంటి వస్తువు ఆగిపోయిందంటే కారణం చాలావరకు ఊడిన తీగ, వదులైన నట్టు, చెమ్మ పట్టిన అతుకు. అందుకే పనిని చేయి తగిలే చోటు నుంచి మొదలుపెట్టి లోపలికి సాగించాలని నా గట్టి అభిప్రాయం. చాలామంది ముందు సర్క్యూట్ చేసుకుని, చివర్లో దానికి సరిపోయే పెట్టె కోసం వెతుకుతారు. అప్పుడు బటన్లు చేతికి అందే చోట కాకుండా తీగలు అందిన చోట కూర్చుంటాయి.

సామాను ఎంచుకోవడం

దీపాల కోసం ఎల్‌ఈడీ స్ట్రిప్ కొనవద్దు. అది పైకీ కిందికీ వంగుతుంది కానీ పక్కలకు వంగదు. నది మలుపుల వెంట తిప్పాలంటే ప్రతి మలుపులోనూ కత్తిరించి మూడేసి తీగలతో మళ్లీ అతకాలి, అన్ని అతుకులూ రేపటి తగాదాలే. దాని బదులు పిక్సెల్ బల్బుల దండ, అంటే ఒక్కో బల్బు రంగును విడిగా మార్చగలిగే దండ తీసుకోండి. తీర్థాలకు, ఉత్సవాలకు విద్యుత్ అలంకరణ చేసేవారు ద్వారాల మీద వాడే రకమే ఇది. డబ్ల్యూఎస్2811 చిప్ ఉన్నది, 5 వోల్టులది, 50 బల్బుల దండ. 12 వోల్టుల దండ కూడా చూడటానికి అచ్చం ఇలాగే ఉంటుంది కాబట్టి కొనేటప్పుడే చూసుకోండి. ఒక్కో బల్బులో జిగురు పోసి మూసేసి ఉంటుంది, చెమ్మ లోపలికి దిగదు. మన గాలికి ఇదే సరైనది.

ఒక్కో బల్బు పూర్తి తెలుపులో సుమారు 60 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుంది. యాభైకి కలిపి 3 ఆంపియర్లు. కాబట్టి 5 వోల్టుల, 4 ఆంపియర్ల అడాప్టర్ కావాలి. జాలీ పెట్టెలో వచ్చే, 230 వోల్టుల తీగను బయటికి కనిపించే మరలకు బిగించే రకం విద్యుత్ సరఫరా చవకగా దొరుకుతుంది. పిల్లలు తాకే వస్తువులో దాన్ని వాడకండి. పూర్తిగా మూసి ఉన్న అడాప్టర్ గోడ దగ్గరే ఉండాలి, పటం లోపలికి 5 వోల్టులే రావాలి. ఈ ఒక్క విషయంలో ఖర్చు తగ్గించుకోవద్దు.

మెదడుగా ఆర్డునో ఊనో అనే చిన్న ప్రోగ్రామ్ బోర్డు చాలు. దాని పిన్నులు 5 వోల్టుల సంకేతం ఇస్తాయి, ఈ దీపాలకు అదే కావాలి. 3.3 వోల్టులతో పనిచేసే బోర్డు తీసుకుంటే మధ్యలో సంకేతాన్ని పెంచే చిప్ ఒకటి అదనంగా పెట్టాల్సి వస్తుంది. ఇక నాబ్ కింద ఉండి అది ఎంత తిరిగిందో చెప్పే 10 కిలో ఓమ్‌ల పొటెన్షియోమీటర్ ఒకటి, ఆటల యంత్రాల్లో వాడే 30 మిల్లీమీటర్ల బటన్లు మూడు, టీఎం1637 నాలుగంకెల డిస్‌ప్లే ఒకటి. డిస్‌ప్లే కొనేటప్పుడు ప్రతి అంకె పక్కనా చుక్క ఉన్న రకం అడగండి. గడియారాల కోసం చేసిన దానిలో మధ్యన రెండు చుక్కలే ఉంటాయి, దాని మీద 11.75 అని సరిగా చూపలేరు. 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్, 470 ఓమ్‌ల రెసిస్టర్ కూడా తెచ్చుకోండి.

తాకితే చాలు పనిచేసే టచ్ సెన్సార్లు చూడటానికి అందంగా ఉంటాయి. చెమట చేతులు, వానాకాలపు చెమ్మ కలిస్తే మాత్రం ఎవరూ తాకకుండానే అవి పనిచేయడం మొదలుపెడతాయి. పైగా ఈ పటం ముఖానికి వాడే రేకు అల్యూమినియం కాబట్టి అవి దాని వెనక నుంచి పనిచేయవు. టక్కుమని నొక్కుడు తెలిసే బటనే పిల్లలకు నచ్చుతుంది.

ముఖానికి 3 మిల్లీమీటర్ల ఏసీపీ షీట్ (రెండు పలుచని అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్ ఉన్న పలక) తీసుకోండి, దుకాణాల బోర్డులు చేసేవారి దగ్గర ముక్కలు దొరుకుతాయి. చుట్టూ పెట్టెకు 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ వాడండి. మామూలు రకం కాకుండా ఐఎస్ 710 ముద్ర ఉన్నదే కావాలని అడగండి, అది నీటిని తట్టుకునే మెరైన్ ప్లై. చెక్కపొట్టు అదిమి చేసే ఎండీఎఫ్ పలక జోలికి పోవద్దు. ఒక్క వానాకాలానికే అంచులు ఉబ్బి మరలు పట్టు వదిలేస్తాయి.

పటం కొలత, చేతుల స్థానం

ఒక కిలోమీటరుకు ఒక సెంటీమీటరు కొలత పెట్టుకోండి. ధవళేశ్వరం నుంచి అంతర్వేది వరకు సూటిగా కొలిస్తే దాదాపు 70 కిలోమీటర్లు, అంటే పటంపై 70 సెంటీమీటర్లు. పైన రాజమహేంద్రవరం చూపడానికి కొంచెం, కింద సముద్రానికి కొంచెం వదిలితే మూడడుగుల ఎత్తు, రెండున్నర అడుగుల వెడల్పు బోర్డు సరిపోతుంది. ఉత్తరం పైకి పెట్టి చూస్తే కుడివైపు దిగువ మూలంతా బంగాళాఖాతమే. అక్కడ ఊళ్లూ లేవు, దీపాలూ అక్కరలేదు. నాబ్, డిస్‌ప్లే, బటన్లు ఆ నీలి భాగంలోనే పెట్టండి. పిల్లవాడి చేయి సముద్రం మీద ఉంటే నది మొత్తం కంటికి కనిపిస్తుంది. నాబ్‌ను కోనసీమ మధ్యలో పెడితే తిప్పేవారి చేయే సగం పటాన్ని కప్పేస్తుంది.

స్థానాలు ఖాయం చేసే ముందు పటాన్ని అసలు కొలతలో కాగితంపై అచ్చు వేయించి, అట్టకు అంటించి గోడకు ఆనించండి. ఆరో తరగతి పిల్లవాడిని ఒకరిని, పెద్దవారిని ఒకరిని నిలబెట్టి, నాబ్ తిప్పుతున్నట్టు చేయి పెట్టమనండి. వారి చేయి ఎక్కడికి వెళ్తే అక్కడే గుర్తు పెట్టండి.

రంధ్రాలు

ఆ కాగితాన్నే ఏసీపీ షీట్‌పై టేపుతో బిగించి, ప్రతి దీపం చోటా మేకుతో చిన్న గుంట పెట్టుకోండి. దీపానికీ దీపానికీ 4 సెంటీమీటర్ల దూరం. ఈ లెక్కన గౌతమికి సుమారు 20, వశిష్ఠకు 20, వైనతేయకు 7, ధవళేశ్వరం ఎగువన అఖండ గోదావరికి 3 వస్తాయి. సప్త గోదావరుల పేర్లన్నీ పటంపై అచ్చు వేయించుకోవచ్చు, మంచిదే. దీపాలు మాత్రం ఈ మూడు పాయలకే ఉంచితే పిల్లలకు తికమక ఉండదు.

బల్బుకు 12 మిల్లీమీటర్ల రంధ్రం కావాలి. ముందు తుక్కు ముక్క మీద ఒకటి చేసి బల్బు నొక్కి చూడండి. బిగువుగా దూరి, లాగితే కొంచెం మొరాయించాలి. వదులైతే అర మిల్లీమీటరు తగ్గించండి. షీట్ కింద పనికిరాని చెక్క పెట్టి, మొదట 3 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్‌తో, తర్వాత మెట్లు మెట్లుగా లావయ్యే స్టెప్ బిట్‌తో డ్రిల్లు చేయండి. కంటికి అద్దాలు తప్పనిసరి. బటన్లకు 30 మిల్లీమీటర్ల హోల్‌సా (డ్రిల్లుకు బిగించే గుండ్రని రంపం) వాడాలి. అంచుల్ని ఆకురాయితో నున్నగా చేయండి, లేకపోతే ఆ గరుకే రేపు తీగ తొడుగును కోస్తుంది.

నాబ్ దగ్గర ఒక చిన్న విషయం చాలామంది గమనించరు. పొటెన్షియోమీటర్ కాడకు 7 మిల్లీమీటర్ల రంధ్రం సరిపోతుంది. దాని ఒంటి మీద, కాడకు పక్కగా, చిన్న రేకు నాలుక ఒకటి పొడుచుకుని ఉంటుంది. దాన్ని విరిచేసి బిగించడం చాలామందికి అలవాటు. అది ఉన్నదే నాబ్‌తో పాటు మొత్తం భాగం తిరగకుండా ఆపడానికి. దాని కోసం పక్కనే 3 మిల్లీమీటర్ల రంధ్రం ఒకటి చేయండి. లేదంటే పిల్లలు నాబ్‌ను చివరి దాకా తిప్పి ఇంకా బలం పెట్టినప్పుడు లోపలి భాగం తిరిగి, తీగలు మెలిపడి తెగుతాయి.

రంధ్రాలన్నీ పూర్తయ్యాక షీట్‌ను తుడిచి, ఫ్లెక్స్ దుకాణంలో అచ్చు వేయించిన వినైల్ పటాన్ని సబ్బు నీళ్లు చల్లి అంటించండి. ఆరాక ప్రతి రంధ్రం దగ్గరా బ్లేడుతో అడ్డంగా, నిలువుగా గీత కోసి, ముక్కల్ని లోపలికి మడవండి. బల్బు అంచు వాటిని కప్పేస్తుంది.

పెట్టె

ప్లైతో 10 సెంటీమీటర్ల లోతు చట్రం చేయించండి. ముఖాన్ని చట్రానికి శాశ్వతంగా బిగించవద్దు. ఎడమ అంచున మడతబందులు, కుడి అంచున గొళ్లెం పెట్టించి కిటికీ రెక్కలా తెరుచుకునేలా చేయండి. తెరవలేని వస్తువును బాగుచేయలేం. బటన్లు ఉన్న చోట షీట్ వెనక ఒక చెక్క పట్టీ అడ్డంగా బిగించండి, లేకపోతే నొక్కిన ప్రతిసారీ షీట్ లోపలికి ఊగుతుంది. మరలు, మడతబందులు స్టెయిన్‌లెస్ స్టీలువో ఇత్తడివో తీసుకోండి. యానాం, అంతర్వేది వైపు ఉప్పుగాలికి మామూలు ఇనుము ఎంత త్వరగా తుప్పు పడుతుందో మీకు తెలిసిందే.

దీపాలు అమర్చే వరుస

ఈ పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇది. దండ ఒకే వరుస, నది మాత్రం చీలుతుంది. ధవళేశ్వరం దగ్గర మొదలుపెట్టి గౌతమి వెంట సముద్రానికి దిగితే, వశిష్ఠ మొదలుపెట్టడానికి మళ్లీ 70 సెంటీమీటర్లు వెనక్కి రావాలి. వైనతేయ దగ్గరా అదే కథ. ప్రతి వెనకడుగుకూ తీగ కోసి పొడిగించాలి.

కాబట్టి సముద్రం దగ్గర మొదలుపెట్టి ఎదురెక్కండి. మొదటి బల్బు గౌతమి ముఖద్వారంలో. అక్కడి నుంచి యానాం మీదుగా పైకి ధవళేశ్వరం చేరండి. అఖండ గోదావరిలో మూడు చోట్లున్నాయి కదా, పైకి వెళ్తూ ఒకటి, మూడు నింపి, తిరిగి వస్తూ రెండోది నింపండి. అక్కడి నుంచి వశిష్ఠలోకి దిగి, గన్నవరం, నరసాపురం దాటి అంతర్వేది చేరండి. ఇప్పుడు తీరం వెంట ఓడలరేవు పక్కనున్న వైనతేయ ముఖద్వారానికి దూకాలి. పటంపై అది సుమారు 27 సెంటీమీటర్లు. మొత్తం పనిలో తీగ పొడిగించాల్సిన చోటు ఇదొక్కటే. అక్కడి నుంచి వైనతేయలో ఎదురెక్కితే గన్నవరం దగ్గర, అది వశిష్ఠ నుంచి చీలే చోటే, దండ ముగుస్తుంది. వెలుగు పై నుంచి కిందికి పారుతున్నట్టు చూపడం ప్రోగ్రామ్ పని. ఏ బల్బు సంఖ్య ఏ ఊరి దగ్గర ఉందో ఒక కాగితంపై రాసుకుంటే చాలు.

దండకు దిశ ఉంటుంది. ప్రతి బల్బు లోపలి చిన్న పలకపై బాణం గుర్తో, డీఐ (సంకేతం లోపలికి వచ్చే వైపు), డీఓ (బయటికి వెళ్లే వైపు) అక్షరాలో కనిపిస్తాయి. సంకేతం డీఐ వైపు నుంచే రావాలి. మిగిలిన తీగ వెనక చిన్న మడతలుగా ఉంటుంది, దాన్ని ఎక్కడికక్కడ టై పట్టీతో కట్టండి.

పొడిగింపు అతుకు ఇలా వేయండి. ముందుగా మూడు తీగలకూ వేడి చేస్తే కుంచించుకుని బిగుసుకునే గొట్టం ముక్కలు తొడగండి, టంకం వేశాక తొడగలేరు. కొసలు 8 మిల్లీమీటర్లు ఒలిచి, ఎదురెదురుగా పెట్టి మెలివేయండి. సోల్డరింగ్ ఐరన్ మొనను తీగకు ఆనించి, టంకాన్ని తీగకు తాకించండి, మొనకు కాదు. తీగ వేడెక్కి టంకాన్ని తానే పీల్చుకోవాలి. చల్లారాక మెరుస్తూ నున్నగా ఉంటే అతుకు మంచిది, ఉండకట్టి నిలిస్తే మళ్లీ వేడి చేయండి. మూడు అతుకులు పక్కపక్కన పడకుండా కొంచెం ముందూ వెనకగా వేస్తే పొరపాటున కూడా ఒకదానికొకటి తగలవు. టంకంలో సీసం ఉంటుంది కాబట్టి పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి, కిటికీ తెరిచి పనిచేయండి.

తీగలు, బోర్డు

టంకం లేకుండా తీగలు గుచ్చే బ్రెడ్‌బోర్డు బల్ల మీద పరీక్షకే. ప్రదర్శనకు వెళ్లే వస్తువులో అది ఉండకూడదు. ఊనో మీద బిగించే స్క్రూ టెర్మినల్ పలక దొరుకుతుంది, ప్రతి తీగనూ మరతో నొక్కిపట్టుకుంటుంది. ఊనోను చట్రం వెనక చెక్కకు నైలాన్ స్టాండులపై, 3 మిల్లీమీటర్ల మరలతో బిగించండి.

కలపడం సులువే. దీపాల సంకేతం 6వ పిన్నుకు, మధ్యలో 470 ఓమ్‌ల రెసిస్టర్, అది మొదటి బల్బుకు దగ్గరగా ఉండాలి. బటన్లలో ఒక్కోదానికి ఒక కొస 2, 3, 4 పిన్నులకు, రెండో కొస గ్రౌండుకు. బటన్ వెనక మూడు రేకులుంటే సీఓఎం, ఎన్ఓ అని రాసిన రెండే వాడండి. పొటెన్షియోమీటర్ మధ్య కాలు ఏ0కు, చివరివి ఒకటి 5 వోల్టులకు, ఒకటి గ్రౌండుకు. డిస్‌ప్లే రెండు సంకేత తీగలు 8, 9 పిన్నులకు, దాని విద్యుత్ తీగలు 5 వోల్టులకు, గ్రౌండుకు.

దీపాల విద్యుత్తు ఊనో గుండా పోకూడదు, అంత కరెంటును అది మోయలేదు. అడాప్టర్ తీగ ముందు ఒక టెర్మినల్ పట్టీకి రావాలి. అక్కడి నుంచి ఒక జత దండ మొదటికి, ఒక జత దండ చివరికి, ఒక జత ఊనో 5 వోల్టుల పిన్నుకు, గ్రౌండుకు. దండకు రెండు వైపులా ఇవ్వకపోతే చివరి బల్బులు మసకబారి ఎర్రగా కనిపిస్తాయి, వైనతేయలో వరద లేకపోయినా హెచ్చరిక ఉన్నట్టు అనిపిస్తుంది. విద్యుత్ తీగలు ఒక చదరపు మిల్లీమీటరువి, చాలా పోగులున్నవి వాడండి. కెపాసిటర్‌ను ఆ పట్టీ దగ్గరే, 5 వోల్టులకూ గ్రౌండుకూ మధ్య బిగించండి. దాని ఒంటిపై గీత ఉన్న కాలు గ్రౌండుకే వెళ్లాలి, తారుమారైతే పేలుతుంది. ప్రోగ్రామ్ ఎక్కించడానికి యూఎస్‌బీ తీగ పెట్టేటప్పుడు అడాప్టర్ నుంచి ఊనోకు వచ్చే 5 వోల్టుల తీగను తీసేయండి.

ముఖం నుంచి చట్రానికి వెళ్లే తీగలన్నీ మడతబందుల వైపు నుంచే దాటాలి. అక్కడ ఒక అరచేయంత సడలింపు వదిలి, అటూ ఇటూ క్లిప్పులతో బిగించండి. ఎవరైనా తీగ లాగితే ఆ లాగుడు క్లిప్పు దగ్గరే ఆగాలి, అతుకు దాకా వెళ్లకూడదు. అడాప్టర్ తీగ పెట్టెలోకి వచ్చే చోట కూడా ఇంతే. జాతరలో దాన్ని ఎవరో ఒకరు కాలితో తన్నడం ఖాయం.

కరెంటు ఇచ్చే ముందు

మల్టీమీటర్‌ను శబ్దం వచ్చే స్థానంలో పెట్టి, టెర్మినల్ పట్టీపై 5 వోల్టులకూ గ్రౌండుకూ ఆనించండి. కెపాసిటర్ నిండే వరకు క్షణకాలం కూత వచ్చి ఆగిపోవచ్చు, అది సహజం. కూత ఆగకపోతే ఎక్కడో తీగలు కలిశాయి, వెతికి తీరాలి. తర్వాత దండనూ ఊనోనూ విప్పి అడాప్టర్ ఒక్కటే పెట్టి, 5 వోల్టులు సరైన దిశలో వస్తున్నాయో లేదో చూడండి. ఆపై ఊనో, ఆపై డిస్‌ప్లే, బటన్లు, చివరికి దీపాలు. మొదటిసారి దీపాల కాంతిని పావు వంతుకు తగ్గించి వెలిగించండి. వరుసలో ఒక బల్బు నుంచి అన్నీ ఆరిపోయి ఉంటే, తప్పు ఆ మొదటి ఆరిన బల్బులోనో దాని ముందరి బల్బులోనో ఉంటుంది. మిగతావాటిని తాకవద్దు.

చెమ్మ, చీమలు, ప్రయాణం

రాగి కొస బయట కనిపించే ప్రతి చోటా మన గాలికి చిలుము పడుతుంది. అన్నీ సరిగా పనిచేస్తున్నాయని తేలాక అతుకుల మీద, ఊనో కింది వైపు సర్క్యూట్ బోర్డులకు వాడే లక్క స్ప్రే పలుచగా కొట్టండి. తీగలు పెట్టే రంధ్రాల్లో, పిన్నుల మీద మాత్రం పడనివ్వవద్దు. పగుళ్లు మూయడానికి సిలికాన్ వాడితే, వెనిగర్ వాసన వచ్చే రకం వద్దు. అది ఆరుతూ వదిలే ఆమ్లం రాగిని తినేస్తుంది. న్యూట్రల్ రకం అడిగి తీసుకోండి. హాట్ గ్లూ మీద బరువు ఆనించకండి, ఎండలో నిలిపిన వ్యానులో అది మెత్తబడి వదిలేస్తుంది. పెట్టె అడుగున గాలి రంధ్రాలు పెట్టి, సన్నని స్టెయిన్‌లెస్ స్టీలు జాలీ బిగించండి. బల్లులూ చీమలూ వెచ్చని చోటు వెతుక్కుంటాయి. భద్రపరిచేటప్పుడు లోపల సిలికా జెల్ సంచులు రెండు వేయండి.

పటాన్ని ఆటోలోనో, సఖినేటిపల్లి రేవులో పంటు మీదనో దాటించాల్సి వస్తే కుదుపులకు నట్లు వదులవుతాయి. బటన్ల, నాబ్ నట్ల అంచున ఒక చుక్క గోళ్ల రంగు వేస్తే కదలవు, విప్పాల్సి వస్తే పానాతో సులువుగానే వస్తాయి. పటాన్ని నిలువుగానే తీసుకెళ్లండి, ముఖం మీద దుప్పటి కట్టండి.

తలుపు లోపలి వైపు తీగల పటాన్ని, బల్బుల సంఖ్యల కాగితాన్ని లామినేట్ చేయించి అంటించండి. పక్కనే ఒక జిప్ సంచిలో రెండు అదనపు బల్బులు, ఒక బటన్, టై పట్టీలు, చిన్న స్క్రూడ్రైవర్ ఉంచండి. బడిలో మీరు లేని రోజు మాస్టారే తలుపు తెరిచి బాగుచేసుకుంటారు.